తేల్చి చెప్పేముందు



విషయంలోకి వెళ్లేముందు మీకొక చిన్న పని చెబుతాను. కాగితం, కలం అక్కర్లేదు. కొన్ని మాటలు వరసగా చదువుతాను, చేతిలో పని ఒక్క నిమిషం పక్కన పెట్టి వినండి. పడక... దిండు... కల... ఆవలింత... దుప్పటి... రాత్రి... గురక... కునుకు... అలసట... జోలపాట... మంచం... మెలకువ. అయిపోయింది. వీటిని బట్టీ పట్టాలని తంటాలు పడొద్దు. కాసేపయ్యాక నేనే అడుగుతాను.

నేను ఢిల్లీలో, యమునకు తూర్పు ఒడ్డున ఉన్న మయూర్ విహార్‌లో ఉంటాను. సైకాలజీ పాఠాలు చెప్పడం నా వృత్తి. మా చుట్టుపక్కల మలయాళీ కుటుంబాలు ఎక్కువ. ఉత్తర గురువాయూరప్పన్ గుడి ఉన్నది మా ఫేజ్ వన్‌లోనే. ఉద్యోగాల మీద వచ్చి ఇక్కడే ఇల్లు కట్టుకుని ఉండిపోయిన తెలుగువాళ్లమూ ఉన్నాం. వేసవిలో పరీక్షా ఫలితాలు వచ్చే రోజుల్లో సాయంత్రం నడకకు బయల్దేరితే ఎవరో ఒకరు ఆపి అడుగుతారు: "అమ్మాయి సైకాలజీ తీసుకుంటానని పట్టుబట్టింది. తీసుకోవచ్చంటారా? మూడేళ్లు చదివితే డాక్టరవుతుందా?" పక్కనే నిలబడ్డ పిల్ల అడిగేది ఇంకొకటి: "ఇది చదివితే ఎదుటివాళ్ల మనసులో ఏముందో తెలిసిపోతుందా మేడమ్?"

డాక్టరవ్వదు. ఎదుటివాళ్ల మనసూ తెలిసిపోదు. నిజానికి మొదటి ఏడాదిలో ఈ చదువు చేసేది దానికి పూర్తిగా వ్యతిరేకం. మనకు బాగా తెలుసు అనుకున్న సంగతుల్ని ఒక్కొక్కటిగా తీసుకుని, నీకెలా తెలుసు, ఏం చూసి చెబుతున్నావు, ఎంతమందిని చూశావు అని నిలదీస్తుంది. "వాడు మొండివాడు", "ఆ పిల్లకు తెలివి తక్కువ", "వాళ్లకు బద్ధకం" అని మనం రోజూ ఎంత తేలిగ్గా అనేస్తామో గమనించండి. అలా తేల్చి చెప్పేముందు ఆగడం, ఆగి చూడటం, చూసినదాన్ని లెక్కకట్టడం అనే అలవాటు కోసమే ఈ డిగ్రీ చదవాలని నేను నమ్ముతాను. ఉద్యోగం సంగతి కూడా చెబుతాను, కానీ ముందు ఇది.

ఢిల్లీ విశ్వవిద్యాలయంలో బి.ఏ. ఆనర్స్ సైకాలజీ చాలా కాలేజీల్లో ఉంది. లేడీ శ్రీరామ్, ఇంద్రప్రస్థ, గార్గి, కమలా నెహ్రూ, దౌలత్ రామ్ ఆడపిల్లల కాలేజీలు. జాకిర్ హుసేన్, కేశవ్ మహావిద్యాలయ వంటి చోట్ల మగపిల్లలూ చదువుకుంటారు. 2022 నుంచి సీటు సి.యు.ఇ.టి. అనే ప్రవేశ పరీక్ష మార్కుల మీదే వస్తుంది. పన్నెండో తరగతిలో సైకాలజీ చదివి ఉండాలన్న నియమం లేదు కాబట్టి మన ఇంటర్మీడియెట్ పిల్లలు ఏ గ్రూపు వాళ్లయినా ప్రయత్నించవచ్చు. మయూర్ విహార్ దాటి నోయిడాలోకి అడుగుపెడితే 125వ సెక్టార్‌లో ఎమిటీ విశ్వవిద్యాలయం ఉంది. అక్కడ ఈ చదువు కోసం ప్రవర్తనా శాస్త్రాల పేరుతోనే ఒక విభాగం ఉంది. అది ప్రైవేటు సంస్థ, ఫీజుల లెక్క వేరు. ఆ లెక్క ఇంట్లో కూర్చుని ముందే వేసుకోవాలి.

సిలబస్ చూస్తే మెదడు, నాడీమండలం ఉంటాయి. పసితనం నుంచి ముసలితనం దాకా ఎదుగుదల ఉంటుంది. గుంపులో మనిషి ఎలా నడుచుకుంటాడన్నది ఒక పేపరు, మానసిక రుగ్మతలు ఒక పేపరు. వీటన్నిటికంటే నేను ముఖ్యమనుకునేది, పిల్లలు ఎక్కువగా భయపడేది స్టాటిస్టిక్స్. లెక్కలంటే పడక ఆర్ట్స్‌లోకి వచ్చామని చెప్పే పిల్లలు ఈ పేపరు దగ్గర బిక్కమొహం వేస్తారు. ఎంపీసీ చదివి ఇంజనీరింగ్ ప్రవేశ పరీక్షల ఒత్తిడి వద్దని ఇటు వచ్చిన తెలుగు పిల్లలకు మాత్రం ఇక్కడ కాస్త ఊపిరి ఆడుతుంది. వాళ్ల లెక్కలు వృథా పోవు. సగటు ఎంత, ఆ సగటుకు అటూ ఇటూ మనుషులు ఎంత దూరం పరుచుకుని ఉన్నారు, రెండు గుంపుల మధ్య కనిపించిన తేడా నిజమైనదా, కాకతాళీయమా — ఇవి తెలియకపోతే సైకాలజీ పుస్తకంలోని ఏ వాక్యాన్ని నమ్మాలో వద్దో తేల్చుకోలేం.

ఇప్పుడు ఇందాకటి మాటల దగ్గరికి వద్దాం. వెనక్కి వెళ్లి వినే వీలు లేదు కాబట్టి మీ జ్ఞాపకమే ఆధారం. నేను "దిండు" అన్నానా? అన్నాను. "కుర్చీ" అన్నానా? అనలేదు. మరి "నిద్ర" అన్నానా? మీలో చాలామందికి నేను అన్నట్టే గుర్తుండి ఉంటుంది. కొందరికి నా గొంతులో విన్నట్టు కూడా అనిపిస్తుంది. ఆ మాట నేను అనలేదు. దాని చుట్టూ ఉన్న పన్నెండు మాటలు చెప్పాను, దాన్ని మాత్రం వదిలేశాను. మీ మనసు ఆ ఖాళీని పూరించుకుంది. 1959లో జేమ్స్ డీస్ అనే అమెరికన్ ఈ పద్ధతి మొదలుపెట్టాడు. 1995లో రోడిగర్, మెక్‌డెర్మాట్ అనే ఇద్దరు దీన్ని మళ్లీ పట్టుకుని లోతుగా పరిశీలించారు. అప్పటినుంచి క్లాసురూముల్లో లెక్కలేనన్ని సార్లు చేసి చూస్తున్నారు. నేను ఏటా కొత్త క్లాసుకు చేస్తాను. "నిద్ర అన్నారు మేడమ్, ఒట్టు" అని వాదించే పిల్లలు ప్రతి ఏడూ ఉంటారు. వాళ్లు అబద్ధం చెప్పడం లేదు. అక్కడే ఉంది అసలు సంగతి.

లేనిది గుర్తున్నట్టు అనిపించే ఈ సంగతిని కోర్టు మెట్ల దాకా తీసుకెళ్లిన సైకాలజిస్ట్ ఎలిజబెత్ లోఫ్టస్. 1974లో ఆవిడ, పామర్ అనే సహ పరిశోధకుడు కలిసి 150 మంది విద్యార్థులకు కార్లు గుద్దుకునే చిన్న సినిమా చూపించారు. కార్లు ఎంత వేగంతో వెళ్తున్నాయని అడిగారు. కొందరిని అడిగేటప్పుడు "తగిలినప్పుడు" అన్నారు, కొందరితో "తుక్కుతుక్కుగా ఢీకొన్నప్పుడు" అన్నారు. మరికొందరిని వేగం గురించి అసలు అడగలేదు. వారం తర్వాత పిలిచి, పగిలిన గాజు చూశారా అని అడిగారు. సినిమాలో గాజు పగల్లేదు. మెల్లని మాట విన్న 50 మందిలో ఏడుగురు చూశామన్నారు. గట్టి మాట విన్న 50 మందిలో 16 మంది చూశామన్నారు. మన ఇళ్లలో పాత తగాదాలు గుర్తు చేసుకోండి. "ఆరోజు నువ్విలా అన్నావు" అని ఇరవై ఏళ్ల తర్వాత ప్రమాణం చేసి చెప్పే ఇద్దరూ నిజాయితీపరులే కావచ్చు. పద్దెనిమిదేళ్ల వయసులో ఈ సంగతి తెలుసుకున్న పిల్ల ఇంట్లోనూ బయటా కాస్త నెమ్మదిగా మాట్లాడుతుంది. నా విద్యార్థుల్లో ఈ మార్పు చూశాను.

ఇక ప్రాక్టికల్స్. ఈ డిగ్రీలో నాకు బాగా ఇష్టమైన భాగం ఇదే. మా బ్లాకులో ఉండే ఒక రెండో ఏడాది విద్యార్థినికి రేవెన్స్ మాట్రిసెస్ అనే పరీక్ష చెయ్యాల్సి వచ్చింది. సొంత ఇంటివాళ్లను కూర్చోబెట్టొద్దని మేం చెబుతాం. చనువు ఉంటే ఫలితం మారిపోతుంది. అందుకని పక్క ఫ్లాటు ఆవిడను అడిగింది. తెనాలి నుంచి పెళ్లయ్యాక ఢిల్లీ వచ్చిన మనిషి. ముందు సమ్మతి పత్రం చేతిలో పెట్టి తెలుగులో చదివి వినిపించింది: మీ పేరు ఎక్కడా రాయను ఆంటీ, మధ్యలో విసుగనిపిస్తే ఆపేయొచ్చు, కారణం కూడా చెప్పక్కర్లేదు. ఆవిడ సంతకం పెట్టాకే పరీక్ష మొదలు. జాన్ రేవెన్ 1938లో తయారుచేసిన పరీక్ష అది. మొత్తం అరవై బొమ్మలు, అయిదు వరసలు. ప్రతి బొమ్మలోనూ ఒక ముక్క కత్తిరించి తీసేసినట్టు ఖాళీ ఉంటుంది. కింద ఇచ్చిన ముక్కల్లో ఏది అక్కడ సరిపోతుందో చెప్పాలి. మాటలు లేవు కాబట్టి ఏ భాషవాళ్లకైనా పనికొస్తుందని దీనికి పేరు.

నాలుగో బొమ్మ దగ్గర ఆవిడ తలెత్తి "ఇది కరెక్టేనా అమ్మా?" అంది. పిల్ల అవును అనకూడదు, కాదనకూడదు, తల కూడా ఊపకూడదు. "మీకు ఏది సరైనదనిపిస్తే అది చెప్పండి ఆంటీ" అంది. మూడో వరసలో ఫోను మోగింది. ఊళ్లో ఆవిడ తల్లికి జ్వరం తగ్గలేదట. మాట్లాడి వచ్చి మళ్లీ కూర్చుంది. ఆ తర్వాతి బొమ్మల దగ్గర వేలు ఒక ముక్క మీద పెట్టి, తీసి, ఇంకో దాని మీద పెట్టి, చివరికి ఏదో ఒకటి అంది. పిల్ల మార్కులు వేసుకుని, పక్కన తన ఫైల్లో ఒక్క వాక్యం రాసుకుంది: పరీక్ష మధ్యలో ఇంటి నుంచి ఫోను వచ్చింది, ఆ తర్వాత దృష్టి నిలవలేదు. ఆ ఫైలు దిద్దేటప్పుడు పట్టికలు, శాతాలు చూశాను, బాగానే ఉన్నాయి. నా మనసు నిండింది మాత్రం ఆ వాక్యం దగ్గర. ఆ మనిషికి వచ్చిన అంకె ఆ మధ్యాహ్నపు అంకె మాత్రమేనని ఆ పిల్లకు అర్థమైంది.

ఇదే రేవెన్స్ పరీక్షతో తమిళనాడులో జరిగిన పరిశోధన ఒకటుంది. 54 ఊళ్లలో 464 మంది చెరకు రైతులు. చెరకు రైతుకు డబ్బు ఏడాదికి ఒక్కసారి, కోత అయ్యాకే చేతికొస్తుంది. కోతకు ముందు నెలల్లో అప్పులు, తాకట్లు. ఆనంది మణి, సెంథిల్ ములైనాథన్, ఎల్దార్ షఫీర్, జియాయింగ్ ఝావో అనే నలుగురు పరిశోధకులు అదే రైతుకు కోతకు ముందు ఒకసారి, తర్వాత ఒకసారి పరీక్ష పెట్టారు. డబ్బు చేతికొచ్చాక అదే రైతు బొమ్మలు మెరుగ్గా పూర్తి చేశాడు. 2013లో సైన్స్ పత్రికలో ఇది వచ్చింది. అప్పు గురించిన ఆలోచన మెదడులో చోటు ఆక్రమించి, మిగతా పనికి తావు తగ్గిస్తుందని వాళ్ల వాదన. దీని మీద మిగతా శాస్త్రవేత్తలు అభ్యంతరాలూ చెప్పారు. రెండోసారి పరీక్ష రాస్తే ఎవరికైనా కొంత అలవాటు వస్తుంది కదా అన్నారు. ఆ అభ్యంతరాలు కూడా క్లాసులో చదివిస్తాం, చదివించాలి. మా మయూర్ విహార్ ఫేజ్ వన్‌కు ఆనుకునే త్రిలోక్‌పురి ఉంది. 1970ల్లో ఢిల్లీ బస్తీల నుంచి తరలించిన పేదలకు చిన్నచిన్న స్థలాలు పంచి ఇచ్చిన కాలనీ. అక్కడి బడిపిల్లకూ మా సొసైటీ పిల్లకూ మార్కుల్లో తేడా కనిపించినప్పుడు ఒక ప్రవర్తనా శాస్త్ర విద్యార్థి మొదట అడగాల్సిన ప్రశ్నలు ఈ చెరకు రైతుల దగ్గరే నేర్చుకోవచ్చు.

అంకెను దేనితో పోల్చి చదువుతున్నామన్నది ఇంకో చిక్కు. సి.ఎం. భాటియా 1955లో మన దేశపు పిల్లల కోసం తెలివితేటల పరీక్షలు తయారుచేశారు. చదువు రాని పిల్లలకు కూడా పనికొచ్చేలా చెక్కముక్కలతో, బొమ్మలతో చేసిన పరీక్షలవి, ఆ రోజులకు గొప్ప పని. కానీ ఆయన కొలతలు తీసుకున్నది ఉత్తరప్రదేశ్‌లో 11 నుంచి 16 ఏళ్ల మగపిల్లల దగ్గర. శ్రీకాకుళం ఆడపిల్లను ఆ సగటు పక్కన నిలబెట్టి ఏమని చెప్పగలం? పడమటి దేశాల కాలేజీ విద్యార్థుల మీద చేసిన ప్రయోగాలనే మనుషులందరి స్వభావంగా రాసేస్తున్నారని 2010లో జోసెఫ్ హెన్రిక్, ఇంకో ఇద్దరు కలిసి గట్టిగా ఎత్తిచూపారు. 2015లో ఇంకో పెద్ద ప్రయత్నం జరిగింది. పేరున్న పత్రికల్లో వచ్చిన వంద సైకాలజీ ప్రయోగాల్ని మళ్లీ చేసి చూస్తే, మూడో వంతుకు కాస్త పైగా మాత్రమే మొదటి ఫలితం మళ్లీ కనబడింది. ఇది విని కొందరు తల్లిదండ్రులు "అయితే ఇది శాస్త్రమే కాదన్నమాట" అంటారు. తన లెక్క తప్పిందేమోనని తానే తిరగవేసి, వచ్చింది నలుగురికీ చూపించిన రంగం మీద నాకు మాత్రం గౌరవం పెరిగింది.

తెలుగు నేల మీద జరిగిన పని తక్కువేమీ కాదు. హార్వర్డ్ ఆచార్యుడు డేవిడ్ మెక్లెలాండ్ 1960ల్లో కాకినాడ వ్యాపారులతో చేసిన ప్రయోగం చాలా మేనేజ్‌మెంట్ పుస్తకాల్లో కనిపిస్తుంది. ఏదైనా సాధించాలన్న తపన పుట్టుకతో వచ్చేదా, నేర్పితే వచ్చేదా అన్నది ఆయన ప్రశ్న. కాకినాడ నుంచి యాభై మందికి పైగా వ్యాపారుల్ని బృందాలుగా హైదరాబాద్ రప్పించారు. చిన్న పరిశ్రమల శిక్షణ కోసం అక్కడ సీట్ అనే కేంద్ర సంస్థ ఉండేది, ఇప్పుడు యూసఫ్‌గూడలో వేరే పేరుతో నడుస్తోంది. బొమ్మ చూపించి కథ రాయమన్నారు, రాసిన కథలో తపన ఎక్కడుందో వాళ్లచేతే వెతికించారు. మేకుకు రింగు విసిరే ఆట ఆడించారు. ఎంత దూరం నుంచి విసరాలన్నది ఆడేవాళ్ల ఇష్టం. మరీ దగ్గర నుంచి విసిరితే గెలిచినా గెలుపనిపించదు, మరీ దూరం నుంచి విసిరితే అంతా అదృష్టమే. తపన ఉన్నవాళ్లు కష్టమైనా అందే దూరాన్ని ఎంచుకుంటారని ఆయన లెక్క. తర్వాత శిక్షణ పొందినవాళ్లనూ పొందనివాళ్లనూ పోల్చి చూశారు. శిక్షణ పొందినవాళ్లు కొత్త వ్యాపారాలు పెట్టడంలో, ఎక్కువ గంటలు పనిచేయడంలో, పెట్టుబడి పెట్టడంలో ముందున్నారు. ఇదంతా 1969లో డేవిడ్ వింటర్‌తో కలిసి పుస్తకంగా రాశారు. కర్మ సిద్ధాంతం, సంప్రదాయం ఉన్నచోట వ్యాపార చొరవ పుట్టదని అప్పట్లో పండితులు రాసే మాట కాకినాడలో నిలబడలేదు. గోదావరి జిల్లాల నుంచి వచ్చిన విద్యార్థులకు ఈ పాఠం చెప్పేటప్పుడు వాళ్ల మొహాలు వెలగడం చూస్తాను. పాఠ్యపుస్తకంలో తమ ఊరు ఉంటుందని వాళ్లు అనుకోరు.

మన దేశంలో ఈ చదువుకు వందేళ్లు దాటాయి. కలకత్తా విశ్వవిద్యాలయంలో 1916లో నరేంద్రనాథ్ సేన్‌గుప్తా మొదటి సైకాలజీ విభాగం నడిపించారు. మైసూరులో 1924లో ఎం.వి. గోపాలస్వామి విభాగం మొదలుపెట్టారు. మీరిప్పుడు వింటున్న రేడియోతో ఈయనకు దగ్గరి సంబంధం ఉంది. 1935లో మైసూరులో తన సొంత ఇంట్లో చిన్న రేడియో కేంద్రం పెట్టింది ఈ సైకాలజీ ఆచార్యుడే. దాని పేరు ఆకాశవాణి. దేశం మొత్తం రేడియోకు ఆ పేరు ఆ తర్వాతే వచ్చింది. మన విశాఖపట్నంలో ఆంధ్రా యూనివర్సిటీకి 1960ల్లో కోనేరు రామకృష్ణారావు సైకాలజీ, పారాసైకాలజీ విభాగం తెచ్చారు, తర్వాత ఆ విశ్వవిద్యాలయానికే వైస్ ఛాన్సలర్ అయ్యారు. పారాసైకాలజీ, అంటే అతీంద్రియ శక్తుల పరిశోధన విషయంలో నాకు ఆయనతో ఏకీభావం లేదు. భారతీయ తాత్విక చింతనకూ ప్రయోగశాలకూ మధ్య ఆయన జీవితాంతం చేసిన కృషిని మాత్రం ప్రతి విద్యార్థీ తెలుసుకోవాలి.

ఢిల్లీ సంగతికి వస్తే, మయూర్ విహార్ నుంచి పింక్ లైన్ మెట్రో ఎక్కి ఆశ్రమ్, లజ్‌పత్ నగర్ వైపు వెళ్తే, రైలు మారకుండా దుర్గాబాయి దేశ్‌ముఖ్ సౌత్ క్యాంపస్ స్టేషన్‌లో దిగొచ్చు. 1909లో రాజమండ్రిలో పుట్టిన దుర్గాబాయి పేరు ఢిల్లీ విద్యార్థులు రోజూ అనౌన్స్‌మెంట్‌లో వింటారు. ఇక్కడి తెలుగు పిల్లల కోసం 1948లో ఆంధ్రా ఎడ్యుకేషన్ సొసైటీ పెట్టింది ఆవిడే. సమాజం గురించి లెక్కలతో, పరిశీలనతో మాట్లాడాలని 1962లో కౌన్సిల్ ఫర్ సోషల్ డెవలప్‌మెంట్ స్థాపించిందీ ఆవిడే. 

అదే లైన్‌లో రెండో వైపు రైలెక్కి, ఆనంద్ విహార్ దాటి, వెల్‌కమ్ స్టేషన్‌లో రెడ్ లైన్‌కు మారితే దిల్షాద్ గార్డెన్ వస్తుంది. అక్కడ ఇహ్‌బాస్ ఉంది, మానవ ప్రవర్తన, అనుబంధ శాస్త్రాల సంస్థ. 1966లో షాహ్‌దరా మానసిక రోగుల ఆసుపత్రిగా మొదలైంది. అక్కడి పరిస్థితులు ఘోరంగా ఉన్నాయని 1980ల్లో సుప్రీంకోర్టులో ప్రజాప్రయోజన వ్యాజ్యం నడిచింది. కోర్టు పట్టుబట్టిన ఫలితంగా 1993లో ఇప్పటి సంస్థ ఏర్పడింది. సైకాలజీలో చేరాలనుకునే పిల్లలకు నేను చెప్పేది, ఆ గేటు ముందు ఒక ఉదయం నిలబడండి అని. పశ్చిమ ఉత్తరప్రదేశ్ పల్లెల నుంచి చీటీ పట్టుకుని, తమ్ముణ్ణో భార్యనో చెయ్యి పట్టుకుని వచ్చే మనుషులు కనిపిస్తారు. హైదరాబాద్ ఎర్రగడ్డ మానసిక ఆసుపత్రి పేరు మనవాళ్లు ఎగతాళికి వాడతారు. ఆ వరసలో నిలబడ్డవాళ్లను చూశాక ఆ ఎగతాళి నోట రాదు.

ఇప్పుడు ఉద్యోగం మాట. బి.ఏ. సైకాలజీ చేసినవాళ్లు వైద్యం చేయకూడదు. క్లినికల్ సైకాలజిస్ట్ అని పేరు రాసుకోవాలంటే రీహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా గుర్తించిన పై చదువు, శిక్షణ పూర్తిచేసి, కౌన్సిల్ రిజిస్టర్‌లో పేరు నమోదు చేయించుకోవాలి. అంటే డిగ్రీ తర్వాత ఇంకా కొన్నేళ్లు లెక్కపెట్టుకోండి. ఈ మధ్య ఆ శిక్షణ కోర్సుల నిబంధనలు మారుతున్నాయి కాబట్టి చేరే ఏడాది కౌన్సిల్ ప్రకటన స్వయంగా చూసుకోవాలి. సైకియాట్రిస్ట్ కావాలంటే దారి వేరు, అది ఎం.బి.బి.ఎస్. తర్వాత ఎం.డి. వారాంతపు ఆన్‌లైన్ కోర్సు సర్టిఫికెట్‌తో కౌన్సెలర్ అని బోర్డు పెట్టేవాళ్లను చూస్తే నాకు నిజంగా కోపం వస్తుంది. బాధలో ఉన్న మనిషి తలుపు తట్టే చోటది.

ఇంకో ముఖ్యమైన మార్పు. 2021 నాటి అనుబంధ ఆరోగ్య వృత్తుల చట్టం పరిధిలోకి వచ్చే కోర్సుల్ని, సైకాలజీతో సహా, దూరవిద్యలో, ఆన్‌లైన్‌లో నడపకూడదని యు.జి.సి. 2025లో ఆదేశించింది. ఆ ఏడాది జులై, ఆగస్టు ప్రవేశాల నుంచి ఇది అమల్లోకి వచ్చింది. ఇంటి దగ్గరే ఉండి చదువుదామనుకున్న ఉద్యోగులకు, గృహిణులకు ఇది పెద్ద దెబ్బ. మా కాలనీలోనే అలా ఆశపెట్టుకున్న తల్లులున్నారు. శిక్షణలో నాణ్యత కావాలన్న ఉద్దేశం సరైనదే. చికిత్స జోలికి పోకుండా కేవలం తెలుసుకోవాలనుకునేవాళ్లకు ఏదో ఒక దారి వదలాల్సింది.

పై చదువు చదవకుండా డిగ్రీతో ఆగిపోతే ఏముంది అంటే, ఉంది. పరిశోధన సంస్థల్లో సర్వేలు చేసే పని, కంపెనీల్లో హెచ్.ఆర్. పని, మొబైల్ యాప్ వాడేవాళ్లు ఎక్కడ తికమకపడుతున్నారో గమనించే పని. సివిల్స్‌లో సైకాలజీ ఆప్షనల్ కూడా ఉంది. జీతాలు మొదట్లో ఇంజనీరు స్నేహితులంత రావు. ఈ మాట తల్లిదండ్రులకు ముందే చెప్పేస్తాను. అయితే ప్రభుత్వాలకు కూడా ఈ చదువు అవసరమవుతోంది. రాజస్థాన్ ఉదయ్‌పూర్ పల్లెల్లో అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో అనే ఆర్థికవేత్తల బృందం టీకాల మీద చేసిన ప్రయోగం చూడండి. ఏమీ చేయని ఊళ్లలో నూటికి ఆరుగురు పిల్లలకే టీకాలన్నీ పడ్డాయి. నెలనెలా తప్పకుండా శిబిరం పెట్టిన ఊళ్లలో అది 18కి పెరిగింది. శిబిరంతో పాటు టీకాకు కిలో పప్పు, అన్నీ పూర్తయితే భోజనం కంచాలు ఇచ్చిన ఊళ్లలో 39కి చేరింది. తల్లులకు పిల్లల మీద ప్రేమ లేదనో, అజ్ఞానమనో తేల్చేసి కూర్చుంటే ఆ కిలో పప్పు ఆలోచన వచ్చేది కాదు.

ఈ కార్యక్రమం వింటున్నవాళ్లలో మనసు బాగాలేక ఇబ్బంది పడుతున్నవాళ్లు ఉంటే ఒక నంబరు చెబుతాను, రాసుకోండి: 14416. 2022 అక్టోబరు 10న కేంద్రప్రభుత్వం మొదలుపెట్టిన టెలీ మానస్ అది. డబ్బు ఖర్చు లేదు, తెలుగులో మాట్లాడవచ్చు.

చివరగా నాలుగో ఏడాది సంగతి. ఢిల్లీ విశ్వవిద్యాలయం 2022లో నాలుగేళ్ల పద్ధతి తెచ్చింది. మూడేళ్లకు డిగ్రీ తీసుకుని వెళ్లిపోవచ్చు, ఉండదలచుకుంటే నాలుగో ఏడు సొంతంగా ఒక పరిశోధన చెయ్యొచ్చు. ఉండగలిగినవాళ్లు ఉండమనే నేను చెబుతాను. చెయ్యాల్సిన పనికి ఒక ఉదాహరణ చెబుతాను. అరవై దాటిన తెలుగువాళ్ల జ్ఞాపకశక్తికి ఇక్కడ, ఢిల్లీలో, సరైన సగటు ఏదో చెప్పే కొలత నా చేతిలో లేదు. ఆస్పత్రిలో మన పెద్దవాళ్లకు మతిమరుపు పరీక్ష పెడితే వచ్చిన అంకెను ఇంకెవరి అంకెలతోనో పోల్చి చదువుతున్నాం. తెలుగు చదవడం, రాయడం, పెద్దవాళ్లతో మర్యాదగా మాట్లాడటం తెలిసిన డిగ్రీ పిల్లలు మొదలుపెట్టగల పని ఇది. అందుకు వాళ్లకు మనుషులు కావాలి. మీరు మయూర్ విహార్‌లో ఉన్నా, మల్కాజిగిరిలో ఉన్నా, మాచర్లలో ఉన్నా, ఒక విద్యార్థి కాగితాలు, స్టాప్‌వాచీ పట్టుకుని మీ తలుపు తడితే అరగంట ఇవ్వండి. సమ్మతి పత్రం పూర్తిగా చదవండి, అర్థం కానిచోట అడగండి, నచ్చకపోతే మధ్యలో ఆపేయండి. ఊళ్లో తల్లికి జ్వరంగా ఉందని మనసు అక్కడే ఉంటే, ఆ సంగతి కూడా ఆ పిల్లకు చెప్పండి. రాసుకుంటుంది.